కనిపించని అష్టోత్తరం

కిందటి వారం సంగీతను పంజగుట్టలో ఓ మూడంతస్తుల బిల్డింగు మెట్ల మీద, గుండె దడదడలాడుతుండగా వదిలేసి వచ్చాం. పత్రిక వాళ్ళిచ్చిన పేజీలు నిండిపోయాయి గాని, ఆడపిల్లను అట్లా మెట్ల మీద నిలబెట్టాలన్న కోరిక మనకేమీ లేదు. ఆమెను పైకి పంపేముందు, కథలోకి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పుకుందాం.

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక, పిండి గిర్నీ పక్క సందులో సంగీత తండ్రి హనుమాండ్లుకు ఓ రేకుల షెడ్డుంది. చుట్టూ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, జిరాక్సు షాపులు కమ్ముకొచ్చినా, ఆ షెడ్డులో ఆవులు మాత్రం తమకేమీ పట్టనట్టు నెమరేసుకుంటూ ఉంటాయి. పాలు పోయడం హనుమాండ్లు వృత్తి. ఊరి చుట్టూ అపార్టుమెంట్లు లేస్తున్న కొద్దీ ఆయనకు ఇంకో పని తగిలింది. కొత్త ఫ్లాటులో యజమాని కన్నా ముందు ఆవూ దూడా అడుగుపెట్టాలి కదా! ఆ పనికి తెల్లావు గౌరినీ, దాని దూడ బుజ్జినీ తోలుకుపోతాడు. డిగ్రీ అయ్యాక ఇంటి పక్కనే వెబ్ డిజైనింగు నేర్చుకున్న సంగీత, గృహప్రవేశాలకు గౌరిని కుదుర్చుకోవడానికి ఒక వెబ్‌సైటు తయారుచేసింది.

సరిగ్గా అప్పుడే ఎవరో హాస్టలు కట్టే ఆసామి, బ్రోకరు ద్వారా ఆ షెడ్డు జాగా మీద కన్నేశాడు. హనుమాండ్లు ఊగిసలాడాడు. కూతురు పట్టుబట్టింది. ఆఖరికి తండ్రి ఒక మాటకు వచ్చాడు.

"శ్రావణ పున్నమి దాక చూస్త బిడ్డా. గా కంప్యూటర్ల కెల్లి ఒక్కరన్న ఆవు కావాలని పిలిస్తే షెడ్డు ఉంటది, ఆవులుంటయి. లేకుంటే గౌరిని, అన్నిటిని శామీర్‌పేటల మీ మేనమామ కాడికి తోలుత. అప్పటిదాక బ్రోకరుకు అవునన, కాదనన."

వెబ్‌సైటు ఆషాఢంలో పెట్టారు. శ్రావణం వచ్చింది. విచిత్రం ఏమిటంటే, చూసేవాళ్ళకు కొదవ లేదు. పేజీ కింద లెక్క చూపే మీటరు ఆటో మీటరు కన్నా జోరుగా తిరుగుతోంది. ఫోను మాత్రం మోగదు. "గింతమంది మన వాకిట్ల దాక ఒచ్చి మల్లిపోతుండ్రా ఏంది?" అని హనుమాండ్లు నోరెళ్ళబెట్టాడు.

తప్పెక్కడుందో చెప్పమని సంగీత సందంతా తిరిగింది. గిర్నీ రాజనర్సయ్య "మస్తున్నది బిడ్డా" అన్నాడు, కళ్ళజోడు పెట్టుకోకుండానే. హాస్టలు అమ్మాయిలు "సూపర్ అక్కా" అన్నారు. క్లాసులో పాఠం చెప్పిన సారు "గుడ్" అన్నాడు, ఆయన అందరినీ అదే అంటాడు. మనవాళ్ళు పెళ్ళివిందులో ఉప్పులేని పప్పు తిన్నా బాగుందనే చెబుతారు. బాగులేదని చెప్పే మనిషి కోసం వెతికితే, సంగీతకు ఒక్కడే గుర్తుకొచ్చాడు. మధురానగర్‌లో గది తీసుకుని, హనుమాండ్లు దగ్గరే పాలు పోయించుకునే తారక్.

వాన పడ్డ ఓ పొద్దున ఈ తారక్ గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, "హనుమాండ్లుగారూ, ఏమీ అనుకోకండి, పాలు మరీ పల్చగా ఉన్నాయండీ" అన్నాడు. క్యాను మూత సందులోంచి వాననీళ్ళు పడ్డాయని హనుమాండ్లు చెప్పిన జవాబును అతను నమ్మలేదు, మనమూ నమ్మనక్కర్లేదు. అప్పట్నుంచీ హనుమాండ్లు ఇంట్లో అతని పేరు 'నీళ్ళపాల పోరడు'. కాలనీలో ఇంకెవరూ ఆ ముక్క అనలేదు. తండ్రి మొహం మీద నిజం చెప్పినవాడు తన మొహం మీదా చెబుతాడని సంగీత నమ్మకం. పైగా అతను పంజగుట్టలో చేసే ఉద్యోగమే అది. వెతికేవాళ్ళ కంటికి ముందుగా కనబడేట్టు వెబ్‌సైట్లను పైకి తెస్తాడు.

ఇక ఈ గురువారం మధ్యాహ్నం సంగతి. ఎన్నడూ లేనిది హనుమాండ్లు కూతుర్ని తన మోపెడ్ మీద ఎక్కించుకుని పంజగుట్ట దాకా దింపాడు. బయలుదేరే ముందు గౌరికి అరటిపళ్ళ గెలలో సగం తినిపించాడు. "పని అయినంక పోన్ చెయ్, ఒచ్చి తోల్కపోత" అన్నాడు, కూతురి వైపు కాకుండా ఖైరతాబాద్ వైపు పోయే బస్సు వైపు చూస్తూ. నీళ్ళపాల పోరడి దగ్గరికి పోతున్నానని చెప్పినా కస్సుమనలేదు. నాయిన మారిపోయాడని సంగీత మురిసిపోయింది.

ఆ మురిపెంతోనే మెట్లెక్కింది.

తారక్ ఆమెను చూసి కుర్చీ లాగి వేశాడు. "రండి సంగీతగారూ. ముందే చెబుతున్నా, నేను కాస్త ఉన్నదున్నట్టు మాట్లాడతానండీ."

"గందుకే ఒచ్చిన సార్. బాగుందన్న మాట ఇని ఇని చెవులు నొస్తున్నయి."

అతను వెబ్‌సైటు తెరిచాడు. అంతే, సన్నాయీ డోలూ ఒక్కసారిగా ఆఫీసు మీద విరుచుకుపడ్డాయి. తారక్ కంప్యూటరుకు స్పీకర్లు పెద్దవి. పక్క కుర్చీలో కునుకు తీస్తున్న కుర్రాడు ఉలిక్కిపడి లేచాడు. మూలనున్న ఒకాయన గాల్లోకి అక్షింతలు చల్లినట్టు చెయ్యి ఊపాడు. ఆఫీసంతా ఘొల్లుమంది. తారక్ స్పీకరు వైరు పీకేసేసరికి సంగీత చెవులు ఎర్రబడ్డాయి.

"మంగళవాద్యం సార్. శుభమని పెట్టిన."

"శుభమేనండీ. కానీ మీ సైటు చూసేవాళ్ళలో సగంమంది ఆఫీసులో మేనేజరుకు తెలియకుండా చూస్తుంటారు. ఈ డోలు మోగగానే ఏం చేస్తారు? మూసేసి పారిపోతారు."

తరవాత వరసపెట్టి కడిగేశాడు. పసుపు తెర మీద ఎర్ర అక్షరాలు కుడినుంచి ఎడమకు పరుగులు పెడుతున్నాయి, చదవాలంటే వాటి వెంట మనమూ పరుగెత్తాలి. బాణం గుర్తు ఎటు కదిపితే అటు బంతిపూలు రాలుతున్నాయి, నొక్కాల్సిన చోటు పూల కింద పడిపోతోంది. గౌరి ఫొటో బాగుంది గాని, అది మెల్లమెల్లగా తెరుచుకుని తల కనపడేసరికి ఒక టీ తాగొచ్చు, తోక కనపడేసరికి రెండోది.

"అడ్రసు కూడా లేదేంటండీ? ఫోన్ నంబరు, అమీర్‌పేట, అంతేనా?"

"ఊరి నడుమ ఆవులున్నయని మున్సిపాలిటోళ్ళు ఒస్తరని నాయిన ఒద్దన్నడు."

"సరే, దాన్ని వదిలేద్దాం. అసలు సంగతి చెప్పండి. రేపు నేను మియాపూర్‌లో ఫ్లాటు కొన్నాననుకోండి. నాకు మొదట వచ్చే అనుమానం ఏంటి? ఆవు లిఫ్టులో పడుతుందా అని. మీ సైటులో గోమాత మహిమ గురించి బోలెడుంది. లిఫ్టు గురించి ఒక్క ముక్క లేదు."

సంగీతకు నవ్వొచ్చింది. "గౌరి లిఫ్ట్ ఎక్కది సార్. బుజ్జిని ముంగట మెట్లెక్కిస్తం. పిల్ల ఎన్ని అంతస్తులు ఎక్కితే తల్లి అన్ని ఎక్కుతది."

"మరి మార్బుల్ ఫ్లోరు మీద..." తారక్ కొంచెం మొహమాటపడ్డాడు. "అంటే, ఆవు కదండీ..."

"పేడ ఏస్తె ఇల్లుగలావిడ దండం పెడతది, ఇల్లుగలాయన మొహం మాడుస్తడు. మేం గోనెపట్టాలు పరుస్తం. కడిగేది సుత మేమే."

"ఇదండీ రాయాల్సింది!" అని తారక్ బల్ల మీద చరిచాడు. "ఇన్నాళ్ళూ ఇది ఎక్కడ దాచారండీ?"

ఎవరూ అడగనిది ఎట్లా చెప్పడం? సంగీతకు ఒళ్ళు తేలికైనట్టుంది. తిట్లు తినడంలో ఇంత సుఖం ఉంటుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

అప్పుడు తారక్ ఆమెను పాస్‌వర్డు అడిగి ఇంకో పేజీ తెరిచాడు. ఎవరెవరు ఏ మాట వెతుకుతూ ఆమె సైటుకు వచ్చారో చూపించే పేజీ అది. కాసేపు చూశాడు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు.

"సంగీతగారూ, మీ సైటుకు వచ్చేవాళ్ళెవరికీ ఆవు అక్కర్లేదండీ."

"అట్లెట్ల?"

"ఒక్కడూ ఆవు కోసం వెతకలేదు. అందరూ వెతికింది లక్ష్మీ అష్టోత్తరం. వరలక్ష్మీ వ్రతం నామాలు. శుక్రవారం పూజ. ఇదిగో, చూడండి, వరసగా అదే. కానీ మీ సైటులో అష్టోత్తరం ఎక్కడుంది? నేను పైనుంచి కిందిదాకా చూశానే!"

జవాబు సంగీతకు తెలుసు.

తారక్ పేజీని కిందికి జరిపాడు. పసుపు రంగు అయిపోయాక అడుగున పెద్ద తెల్లటి జాగా. "ఇంత ఖాళీ ఎందుకు వదిలారసలు?" అంటూ పేజీలో ఉన్నదంతా ఒకేసారి ఎంచుకునే రెండు మీటలు కీబోర్డు మీద నొక్కాడు. తెర మొత్తం నీలంగా మారింది. ఆ నీలంలోంచి, తెల్లజాగా ఉన్నచోట, ఓం అని మొదలై నమః అని ముగిసే పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో బారులు బారులుగా పైకి తేలాయి. తెల్లటి కాగితం మీద తెల్లటి సిరాతో రాసినట్టు, అమ్మవారి నూటెనిమిది నామాలూ ఇన్నాళ్ళూ అక్కడే కూర్చుని ఉన్నాయి.

పక్క కుర్చీ కుర్రాడు అప్రయత్నంగా చెంపలు వేసుకున్నాడు.

"మా అమ్మ పెట్టమన్నది సార్" అంది సంగీత, తల వంచుకుని. తల్లి లచ్చమ్మ సంగతి అది. దేవుని పేరు లేకుండా ఎవరన్నా దుకాణం తెరుస్తారా, అమ్మవారి నామాలు పెట్టాల్సిందేనని కూతుర్ని పట్టుకు కూర్చుంది. అన్ని పేర్లు పెడితే పేజీ అందం పోతుందని కూతురు బాధ. తెల్లజాగాలో తెల్లక్షరాలు పెట్టేస్తే మనుషులకు కనపడవు, వెతికే యంత్రానికి కనపడతాయి, సైటు కూడా పైకి వస్తుందని క్లాసులో ఎవరో చిట్కా చెప్పారు. అమ్మ మాట దక్కింది, పేజీ అందమూ దక్కిందని సంగీత తన తెలివికి తానే మెచ్చుకుంది.

తారక్ మొహంలో నవ్వు పోయింది. "ఇది మోసం కిందికి వస్తుందండీ. మనిషికో పేజీ, యంత్రానికో పేజీ చూపించడమే కదా? పట్టుబడితే మీ సైటు వెతుకులాటలోంచే తీసేస్తారు. అప్పుడు ఆవు అని కొట్టినా మీరు రారు, అష్టోత్తరం అని కొట్టినా రారు. ఇప్పుడే తుడిచెయ్యాలి." అంటూ సైటును దిద్దే తెర తీసి, నామాలన్నీ ఎంచి, చెరిపే మీట మీదికి వేలు పోనిచ్చాడు.

సంగీత చటుక్కున అతని చెయ్యి పట్టుకుంది. "ఆగుండ్రి! రేపు వరలక్ష్మీ వ్రతం పెట్టుకుని ఇయ్యాల అమ్మవారి పేరు తుడుస్తరా?"

"దేవుడి మీద కోపమేం లేదండీ నాకు. దాచడం మీదే."

"అయితే దాచుడు బంద్ చేద్దాం! తుడుసుడు ఎందుకు?"

తారక్ ఆమె వైపు చూశాడు. ఆమె ఇంకా అతని చెయ్యి వదల్లేదు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తెలిసి, ఇద్దరూ చేతులు వెనక్కి తీసుకున్నారు.

"చూడుండ్రి సార్" అంది సంగీత, తడబాటు దిగమింగుకుని. "శుక్రవారం పొద్దుగాల కంప్యూటర్ల అష్టోత్తరం వెతికేదెవరు? ఇంట్ల అత్త ఉంటె అత్తనడుగుతరు, అమ్మ ఉంటె అమ్మనడుగుతరు. ఎవ్వరు లేకుంట కొత్త ఫ్లాట్ల ఒంటిగ ఉన్నోళ్ళే గిట్ల వెతుకుతరు. గా కొత్త ఇండ్లోళ్ళే కదా మనకు గావాల్సింది? ఆవు కావాలని వాళ్ళకు ఇంక తెల్వది, అంతే. అమ్మవారి కోసం ఒచ్చినోళ్ళను మనం చీకట్ల నిలబెట్టినం. పేర్లు దొరకక మల్లిపోతుండ్రు."

తారక్ కుర్చీలో వెనక్కి వాలాడు. తరవాత పెద్దగా నవ్వాడు. "నేను ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నానండీ. వచ్చినవాళ్ళెవరో చూడకుండా, రానివాళ్ళ కోసం ఏడుస్తుంటాం. జరగండి, మొదలుపెడదాం."

ఇద్దరూ కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. సన్నాయి పోయింది, రాలే బంతిపూలు పోయాయి, పరుగెత్తే అక్షరాలు బుద్ధిగా నిలబడ్డాయి. అష్టోత్తరానికి విడిగా ఒక పేజీ ఇచ్చి, సైటు తెరవగానే దానికి దారి కనపడేట్టు పెట్టి, నామాలన్నీ కుంకుమ రంగులో, పళ్ళెం పక్కన పెట్టుకుని చదువుకునేంత పెద్దవి చేశారు. చివరి నమః తరవాత సంగీత ఒక వాక్యం రాసింది. 'కొత్త ఇంట్లోకి వెళ్తున్నారా? మా గౌరి, బుజ్జి మీకన్నా ముందు అడుగుపెడతాయి. లిఫ్టు అక్కర్లేదు.' కింద తన సెల్ నంబరు.

మధ్యలో తల్లికి ఫోన్ చేసి సంగతి చెప్పింది. లచ్చమ్మ విస్తుపోయింది. "అంటే ఇన్ని దినాలు అమ్మవారిని ఎవ్వరికి కనపడకుంట పెట్టినవా? గందుకే పని గాలే! దీపం పెట్టిన ఇంట్ల తలుపు మూస్తరానే?" అని ఆ తల్లి అంటుంటే తారక్ ఫోనుకు వినపడేలా "కరెక్టుగా చెప్పారండీ!" అన్నాడు. "గాయనెవరే?" అంది లచ్చమ్మ. నీళ్ళపాల పోరడని చెప్పడానికి సంగీతకు నోరు రాలేదు. సారు అని మాత్రం అంది.

కొత్త పేజీ ఎక్కించేసి తండ్రికి రమ్మని ఫోన్ చేసింది. టీలు తెప్పించుకున్నారు. టీ సగంలో ఉండగా సంగీత సెల్ మోగింది. తెలియని నంబరు.

"హలో, ఆవూ దూడా పంపిస్తారట, ఈ నంబరేనా అమ్మా?" అవతల ఒక పెద్దావిడ గొంతు, తేనె పూసినట్టుంది.

సంగీత లేచి నిలబడింది. టీ ఒలికింది. తారక్ కూడా లేచాడు. "అవునమ్మా, మేమే!"

"నా పేరు అరుణాదేవమ్మా, శ్రీనగర్ కాలనీ. రేపటి వ్రతానికి అష్టోత్తరం తీసిపెట్టమని మా కోడల్ని అడిగితే మీ పేజీ తీసిచ్చింది. ఎంత చక్కగా, పెద్ద పెద్ద అక్షరాలతో పెట్టారమ్మా! కళ్ళజోడు లేకుండా చదివేశాను. చివర చూస్తే మీ గౌరి! మేం కొత్తగా ఒక భవనం కడుతున్నాం. శంకుస్థాపనకు గోపూజ చేయాలని పంతులుగారు చెప్పారు. అమ్మవారే చూపించిందనుకున్నా. మాకు మీ ఆవే కావాలి."

సంగీత ఫోను మీద చెయ్యి అడ్డంపెట్టి "ఒచ్చింది! పిలుపొచ్చింది!" అని తారక్ చెవిలో అరిచినంత పని చేసింది. ఆఫీసులో చప్పట్లు మోగాయి. పున్నమి ఇంకా రానే లేదు. షెడ్డు నిలిచింది, గౌరి నిలిచింది, అమ్మ ముందూ నాయిన ముందూ తన మాట నిలిచింది. ఆ పిల్లకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఎప్పుడమ్మా పూజ?"

"పున్నమి వెళ్ళిన మర్నాడు, బుధవారం. స్థలం అమీర్‌పేటలోనేలే, మీకూ దగ్గర. మైత్రీవనం వెనక... అదేదో, పిండి గిర్నీ అంటారుగా మీవాళ్ళు, దాని పక్క సందు."

సంగీత చేతిలో టీ గ్లాసు అట్లాగే ఉండిపోయింది. "గిర్నీ పక్క సందుల... ఏడమ్మా?"

"సందులోకి తిరగ్గానే రేకుల షెడ్డు కనపడుతుందమ్మా. అందులో ఎవరో పశువుల్ని కడతారు. అక్కడే మేం లేడీస్ హాస్టలు కడుతున్నాం. పూజ నాటికి అదేం ఉండదులే. ఆ షెడ్డాయన పొద్దున మావారు రామ్మోహనరావుగారి దగ్గరికి వచ్చి, పున్నమికల్లా ఖాళీ చేస్తానని మాటిచ్చి వెళ్ళాడు. పెద్దమనిషి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట పాపం. హలో, వింటున్నావా అమ్మాయ్?"

సగం గెల అరటిపళ్ళు. ఖైరతాబాద్ బస్సు వైపు తిప్పుకున్న మొహం. సంగీతకు ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. నాయిన మారిపోయాడని మురిసిపోయిందే! పున్నమి దాకా ఆగుతానన్న మనిషి, తనకు ఒక్కమాట చెప్పకుండా ఎందుకు ఒప్పుకున్నాడు? ఎవరు ఒప్పించారు?

తారక్‌కు ఇవేవీ తెలియవు. అతను చెవి దాకా నవ్వుతూ, "అడ్వాన్సు బుకింగేనా?" అని సైగ చేస్తున్నాడు.

కింద వీధిలో మోపెడ్ హారను మోగింది. సంగీత కిటికీలోంచి చూసింది. ముందు కాళ్ళ దగ్గర పచ్చగడ్డి మోపు పెట్టుకుని, హనుమాండ్లు తల పైకెత్తి కూతురి కోసం కిటికీలన్నీ వెతుకుతున్నాడు. ఆమె కనపడగానే చెయ్యి ఊపాడు.

"బుధవారం తెల్లవారుజామునే ముహూర్తమమ్మా" అంటోంది ఫోనులో అరుణాదేవి. "ఆవును ఎక్కణ్ణుంచి తోలుకొస్తారు? దూరమైతే ముందురోజే బయల్దేరాలేమో చూసుకోండి."

సంగీత తండ్రి వైపే చూస్తూ, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"తోలుకొచ్చే పనేం లేదమ్మా" అంది. "మా గౌరి పుట్టింది అక్కడ్నే. బుధవారం సుత అక్కడ్నే ఉంటది."